యుద్ధ వార్తలో కర్తను దాచకుండా రాయడం ఎలా?

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ట్యాంకులతో, యుద్ధ విమానాల అండతో హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించారు. 18న ఆయన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ భారత సైన్యపు మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురి ఎదుట లాంఛనంగా లొంగిపోయారు. సైన్యం దీనికి పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. ఢిల్లీ చెప్పిన పేరు పోలీసు చర్య. పాతబస్తీలో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘పోలీస్ యాక్షన్’ అనే అంటారు. 2022 నుంచి కేంద్రం సెప్టెంబరు 17ను విమోచన దినంగా జరుపుతోంది. తెలంగాణ ప్రభుత్వం అదే ఏడాది జాతీయ సమైక్యతా దినంగా, 2024లో ప్రజాపాలన దినోత్సవంగా జరిపింది. విలీనం అనేవాళ్లూ, ఆక్రమణ అనేవాళ్లూ ఉన్నారు.

వీటిలో ఏ మాట ఎత్తుకున్నా తీర్పు ముందు వచ్చేస్తుంది, జరిగిన పని వెనకబడిపోతుంది. ఉక్రెయిన్ గురించైనా, గాజా గురించైనా, మన సరిహద్దు గురించైనా తెలుగులో రాసేటప్పుడు ఎదురయ్యే చిక్కు ఇదే. కాలేజీ డిబేట్‌కు ప్రసంగం రాసుకుంటున్నా, ఇంగ్లిష్ వార్తను తెలుగు చేస్తున్నా, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నాలుగు ముక్కలు పెడుతున్నా కింద చెప్పిన వరసలో వెళ్లండి.

మొదట: పేరు పక్కన పెట్టి పని రాసుకోండి

కాగితం మీద అయిదు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఎవరు చేశారు? ఎవరి మీద? ఎక్కడ, ఎప్పుడు? దేనితో? ఏమైంది? తెలియని చోట ‘తెలియదు’ అని రాయండి, ఖాళీ వదలకండి. ఆ తర్వాతే పేరు. ఆ పేరు ఎవరు పెట్టారో కూడా అదే వాక్యంలో ఉండాలి: ‘భారత సైన్యం అయిదు రోజుల పోరాటంతో హైదరాబాద్ సంస్థానాన్ని స్వాధీనం చేసుకుంది, ప్రభుత్వం దీన్ని పోలీసు చర్య అంది.’

పేర్లు ఊరికే పుట్టవు. తన మీద భారత్ ఒత్తిడి తెస్తోందని హైదరాబాద్ సంస్థానం 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న మండలి దాన్ని చర్చకు తీసుకుంది. ‘పోలీసు’ అన్న మాట పడితే అది ఇంటి వ్యవహారం, శాంతిభద్రతల సమస్య అవుతుంది. ‘యుద్ధం’ అంటే రెండు రాజ్యాల మధ్య తగాదా అవుతుంది. 1950లో కొరియాకు సైన్యాన్ని పంపినప్పుడు అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కూడా ఒక విలేకరి అందించిన ‘పోలీసు చర్య’ అన్న మాటకు సరేనన్నారు. అమెరికా కాంగ్రెస్ యుద్ధం ప్రకటించలేదు, పోరు మాత్రం మూడేళ్లు సాగింది. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌లోకి సైన్యాన్ని పంపి ‘ప్రత్యేక సైనిక చర్య’ అంది. తన సైన్యం గురించి ‘తప్పుడు సమాచారం’ చెబితే 15 ఏళ్ల దాకా జైలుశిక్ష వేసే చట్టాన్ని మార్చిలోనే తెచ్చింది. 1987లో మనం శ్రీలంకకు పంపిన దళం పేరు శాంతి పరిరక్షక దళం. అది 1990 మార్చి దాకా అక్కడ ఉండి ఎల్టీటీఈతో నేరుగా పోరాడింది. వెయ్యిమందికి పైగా భారత సైనికులు చనిపోయారు. ఆ చరిత్ర రాసేవాళ్లు దళం పేరు ఒక్కసారి చెప్పి, తర్వాత ‘భారత సైన్యం’ అని రాయడం మేలు. లేకపోతే ‘శాంతి పరిరక్షక దళం గుండ్లు కురిపించింది’ లాంటి వాక్యాలు వస్తాయి, చదివేవాళ్లకు ఏదీ అర్థం కాదు.

విశేషణాలు ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2019 ఫిబ్రవరి 26న మన యుద్ధ విమానాలు బాలాకోట్‌లో బాంబులు వేశాక విదేశాంగ కార్యదర్శి విజయ్ గోఖలే దాన్ని ‘సైనికేతర ముందస్తు చర్య’గా వర్ణించారు. పాకిస్తాన్ సైన్యం మీద కాదు, ఉగ్రవాద శిబిరం మీద అని దాని భావం. మాటకు మాట తెలుగు చేస్తే చర్య జరిపింది సైన్యం కాదేమో అనిపిస్తుంది. ఇలాంటి చోట విప్పి రాయాలి: ‘భారత వైమానిక దళం దాడి చేసింది, లక్ష్యం పాకిస్తాన్ సైనిక స్థావరం కాదని ప్రభుత్వం చెప్పింది.’

రెండు: క్రియను పట్టుకోండి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. తెలుగులో క్రియలు జంటలుగా ఉంటాయి. కూలింది, కూల్చారు. పేలింది, పేల్చారు. కాలింది, కాల్చారు. మునిగింది, ముంచారు. బాంబు పడింది, బాంబు వేశారు. చనిపోయారు, చంపారు. మొదటి రూపం వాడితే కర్త అక్కర్లేదు. గాలివానకు చెట్టు కూలినట్టే క్షిపణికి బడి కూలిపోతుంది. రెండో రూపం వాడగానే ‘ఎవరు?’ అన్న ప్రశ్న వాక్యంలోంచే లేస్తుంది. ఇది మన భాష మనకిచ్చిన తనిఖీ సాధనం.

ఇలా చేయండి. రాసినదంతా తీసుకుని క్రియల కింద గీత గీయండి. జంటలో మొదటి రూపం కనబడిన ప్రతిచోటా ‘చేసింది ఎవరో తెలుసా?’ అని అడగండి. తెలిస్తే జంటలో రెండో రూపానికి మార్చి కర్తను రాయండి. ‘ఖార్కివ్‌లో భవనాలు నేలమట్టమయ్యాయి’ కాదు, ‘రష్యా సైన్యం ఖార్కివ్‌లో భవనాలను నేలమట్టం చేసింది.’ పనిలో పనిగా ‘జరిగింది’, ‘చోటుచేసుకుంది’, ‘సంభవించింది’ కూడా వెతకండి. దాడి ‘సంభవించదు’, సంభవించేది భూకంపం. ‘చంపబడ్డారు’ లాంటి ‘బడు’ రూపాలు ఇంగ్లిష్‌ను మాటకు మాట తెలుగు చేసేటప్పుడు ఎక్కువగా వస్తాయి. అవి చెవికీ బాగుండవు, కర్తనూ మింగేస్తాయి.

ఎవరో తెలియకపోతే కర్తను ఊహించి పెట్టకండి. 2023 అక్టోబరు 17న గాజాలో అల్ అహ్లీ ఆసుపత్రి ఆవరణలో పేలుడు జరిగింది. ఇజ్రాయెల్ దాడి అని గాజా ఆరోగ్య శాఖ చెప్పింది. పాలస్తీనా ఇస్లామిక్ జిహాద్ ప్రయోగించిన రాకెట్ గురి తప్పిందని ఇజ్రాయెల్ చెప్పింది. మొదటి గంటల్లో ఒక్కరి మాటనే శీర్షికకు ఎక్కించిన పెద్ద పత్రికలు తర్వాత సర్దుకోవాల్సి వచ్చింది. అటువంటప్పుడు ‘పేలింది’ అన్నదే నిజాయితీ గల మాట. దాని వెంటే ‘ఎవరు కారణమో తేలలేదు’ అన్న వాక్యం కూడా రావాలి, అది లేకపోతే దాచినట్టే.

‘ఎదురుకాల్పులు’ మనకు బాగా అలవాటైన మాట. అవతలివాళ్లు కూడా కాల్చారన్న వాదన ఆ ‘ఎదురు’లో ఉంది. ఆ సంగతి ఒక పక్షమే చెప్పి ఉంటే ‘ఎదురుకాల్పులు జరిగాయని పోలీసులు చెప్పారు’ అని రాయండి. ‘ప్రతీకార దాడి’, ‘తిప్పికొట్టింది’ కూడా అంతే. మొదలుపెట్టింది ఎవరో అవి ముందే తేల్చేస్తాయి.

మూడు: చావుకు ఒకటే కొలత

మన పత్రికల్లో మనవాళ్లు అసువులు బాస్తారు, నేలకొరుగుతారు, వీరమరణం పొందుతారు. అవతలివాళ్లు హతమవుతారు, వాళ్లను మట్టుబెడతారు. క్రియ చివర ‘రు’ మనకు, ‘డు’ వాళ్లకు. సంతాప సభలో, స్మారక ఫలకం మీద వీరమరణం అన్న మాటకు గౌరవం ఉంది, అక్కడ అదే సరైనది. సంగతి వివరించే రాతలో మాత్రం రెండు వైపులకూ ‘చనిపోయారు’, ‘చంపారు’ వాడండి. పదేళ్ల పిల్లవాడు ఏ దేశంలో చనిపోయినా ‘చనిపోయాడు’ చాలు. సాధారణ పౌరుణ్ని ఒకచోట ‘మృత్యువాత పడ్డారు’ అనీ ఇంకోచోట ‘ఖతం’ అనీ అంటే చదివేవాడు లెక్క నేర్చుకోడు, ఎవరి ప్రాణం ఎంత ఖరీదో నేర్చుకుంటాడు.

‘ముష్కరులు’, ‘దాయాది’, ‘డ్రాగన్’ తీసేయండి. వాటిలో సమాచారం లేదు. ఉగ్రవాది, తీవ్రవాది, తిరుగుబాటుదారు, కిరాయి సైనికుడు అన్నవి పర్యాయపదాలు కావు. కిరాయి సైనికుడంటే జీతం కోసం పరాయి పోరులో దిగినవాడు. తిరుగుబాటుదారు ఒక ప్రభుత్వాన్ని కాదని ఆయుధం పట్టినవాడు. పౌరుల్ని కావాలని చంపి భయపెట్టే పనికి ఉగ్రవాదం అన్న మాట సరిపోతుంది. ఆ పనేమిటో చెప్పి ఆ మాట వాడితే ఎవరూ వేలెత్తి చూపలేరు.

దేశం పేరుతో ప్రభుత్వాన్ని పిలవడం కూడా ఇక్కడే మానుకోవాలి. ‘పాకిస్తాన్‌కు బుద్ధి చెప్పాలి’ అన్న వాక్యంలో సైన్యం ఉందా, ప్రభుత్వం ఉందా, 20 కోట్లకు పైగా జనం ఉన్నారా? 2025 మేలో శంషాబాద్‌లో కొందరు కరాచీ బేకరీ శాఖ మీద పడి బోర్డు పగలగొట్టారు. విభజన సమయంలో సింధ్ నుంచి తరలి వచ్చిన కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర మొదలుపెట్టిన బేకరీ అది. ఒక ఊరి పేరు ఒక సైన్యానికి బదులుగా నిలబడితే ఇదే జరుగుతుంది. ‘పాకిస్తాన్ సైన్యం’, ‘ఇరాన్ ప్రభుత్వం’, ‘ఇజ్రాయెల్ వైమానిక దళం’ అని రాయడానికి ఒక్క మాట ఎక్కువ పడుతుంది, అంతే.

నాలుగు: మనం, మేము

ఇంగ్లిష్‌లో లేని వెసులుబాటు మనకుంది. ‘మేము’ అంటే వినేవాడు బయట ఉంటాడు, ‘మనం’ అంటే లోపలికొస్తాడు. ‘మనం దాడి చేశాం’ అన్నప్పుడు అడగకుండానే చదివేవాణ్ని విమానంలో కూర్చోబెట్టాం. ప్రశ్నించే చోటు అతనికి మిగలదు. చేసినవాళ్ల గురించి ‘భారత సైన్యం’, నిర్ణయించినవాళ్ల గురించి ‘కేంద్ర ప్రభుత్వం’ అని రాయండి. ఖర్చు గురించి, పర్యవసానాల గురించి అయితే ‘మనం’ వాడండి. పన్ను కట్టేది మనమే కాబట్టి అక్కడ ఆ మాట నిజం. కంచన్‌బాగ్‌లో భారత్ డైనమిక్స్ క్షిపణులు తయారుచేస్తుంది, ఎద్దుమైలారంలో పదాతిదళ పోరాట వాహనాలు తయారవుతాయి, దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. యుద్ధం హైదరాబాద్‌కు దూరపు సంగతి కాదు. ఆ పనుల గురించి రాసేటప్పుడు కూడా ‘హైదరాబాద్ సత్తా’ అని వదిలేయకుండా ఏ సంస్థ, ఏ ఆయుధం, ఎవరికి అమ్మింది అన్నది రాయండి.

అయిదు: ఎవరన్నారు, ఎలా అన్నారు

‘వెల్లడించింది’, ‘బయటపెట్టింది’, ‘స్పష్టం చేసింది’ అంటే చెప్పింది నిజమని మీరు పూచీ పడినట్టు. ‘ఆరోపించింది’ అంటే అనుమానం జోడించినట్టు. ‘ఒప్పుకుంది’ అంటే నేరం ఉందని తేల్చినట్టు. మన ప్రభుత్వం వెల్లడించి, అవతలి ప్రభుత్వం ఆరోపించే రాతలు ఎన్ని చూశామో లెక్కలేదు. ఇద్దరికీ ‘చెప్పింది’, ‘అంది’ వాడండి. మీరు స్వయంగా పత్రం చూస్తే, వీడియో పరిశీలిస్తే ఆ సంగతి రాసి, అప్పుడు బలమైన క్రియ వాడుకోండి. మాటల్లో ‘అట’ చాలా నిజాయితీ గల ప్రత్యయం. ‘ఓడ మునిగిందట’ అంటే ‘నేను చూడలేదు’ అని చెప్పడమే. రాతలో అది తేలికగా ధ్వనిస్తే ‘అని ఫలానా వారు చెప్పారు’ అనండి.

ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలు ‘ఉన్నాయి’ అని 2003లో రాసినవాళ్లు, ‘ఉన్నాయని అమెరికా ప్రభుత్వం చెబుతోంది’ అని రాసి ఉంటే తప్పు వాళ్లది అయ్యేది కాదు. ఆ తర్వాత అమెరికాయే నియమించిన ఇరాక్ సర్వే గ్రూపు, అలాంటి నిల్వలు దొరకలేదని 2004లో నివేదిక ఇచ్చింది.

వీడియోకు కూడా ఇదే పద్ధతి. యుద్ధం మొదలైన రాత్రి వచ్చే క్లిప్పుల్లో పాతవీ, ఆర్మా 3 లాంటి వీడియో గేముల నుంచి తీసినవీ ఎన్నో ఉంటాయి. ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పలేని క్లిప్పు పంపకండి. ‘నిజమో కాదో తెలీదు, ఫార్వర్డ్ చేస్తున్నా’ అని రాసి పంపినా పంపినట్టే.

ఆరు: అంకెలు

ఇంగ్లిష్ వార్తల్లో వచ్చే ‘కాజువాల్టీస్’ను ‘మృతులు’ అని తెలుగు చేయడం అన్నింటికన్నా తరచుగా దొర్లే తప్పు. ఆ మాటలో చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, చాలాసార్లు గల్లంతైనవాళ్లు, బందీలు కూడా కలిసి ఉంటారు. మూల వార్తలో విడివిడి అంకెలు లేకపోతే ‘చనిపోయిన, గాయపడిన సైనికులు కలిపి’ అని రాయండి. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు సుమారు 1.6, నౌకల వార్తల్లో ఈ రెండూ కలిసిపోతాయి.

ప్రతి అంకెకూ చెప్పినవాళ్ల పేరు, తేదీ కట్టండి. 1999 కార్గిల్ యుద్ధంలో 527 మంది భారత సైనికులు చనిపోయారన్నది భారత్ అధికారిక లెక్క. అవతలి వైపు అంకె ఎవరి నోట వచ్చిందన్నదాన్ని బట్టి మారుతుంది. 1948 పోలీసు చర్య సమయంలోనూ, తర్వాతా సంస్థానంలో కనీసం 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని కేంద్ర ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం ముందుకు రాలేదు. ఇక్కడ రాయాల్సింది ‘అంచనా’ అన్న మాటతో సహా రెండు చివరలూ. పెద్ద అంకె ఒక్కటే తీసుకున్నా, చిన్నది ఒక్కటే తీసుకున్నా పక్షం వహించినట్టే. అసలు రాయకపోవడం కూడా అంతే.

ఏడు: కలిపేయకూడని మాటలు

కాల్పుల విరమణ అంటే ప్రస్తుతానికి తుపాకులు ఆగాయని. శాంతి ఒప్పందం వేరు. కొరియాలో 1953 జులై 27న యుద్ధ విరామం కుదిరింది, శాంతి ఒప్పందం మాత్రం నేటికీ లేదు. 2025 మే 10న అమెరికా అధ్యక్షుడు, తమ మధ్యవర్తిత్వంతో భారత్, పాకిస్తాన్ ‘పూర్తి, తక్షణ కాల్పుల విరమణ’కు అంగీకరించాయని ప్రకటించారు. మన విదేశాంగ కార్యదర్శి మాత్రం భూమి, ఆకాశం, సముద్రం మీద కాల్పులు, సైనిక చర్యలు సాయంత్రం 5 గంటల నుంచి ఆపాలని ఇరువైపులా అంగీకరించారని చెప్పారు. రెండు మాటల తేడా మధ్యవర్తి ఎవరన్న దగ్గర ఉంది. రెండూ రాయండి, ఎవరిది ఏదో చెప్పండి.

సరిహద్దు అన్న ఒక్క మాట మూడింటికి సరిపోదు. గుజరాత్, రాజస్థాన్, పంజాబ్ వైపు అంతర్జాతీయ సరిహద్దు. కశ్మీర్‌లో 1972 సిమ్లా ఒప్పందం తర్వాత నియంత్రణ రేఖ. చైనాతో వాస్తవాధీన రేఖ. అది ఎక్కడుందన్న దాని మీదే రెండు దేశాలకూ ఏకాభిప్రాయం లేదు. అందుకే అక్కడ ‘చొరబాటు’ అన్న మాటకు ముందు ‘భారత్ లెక్క ప్రకారం’ అని ఉండాలి.

ఆంక్షలంటే వ్యాపారం, డబ్బు ఆపడం. దిగ్బంధం అంటే ఓడల్ని బలంతో ఆపడం, అది యుద్ధ చర్య కిందికి వస్తుంది. అందుకే 1962లో క్యూబా చుట్టూ నౌకల్ని నిలిపినప్పుడు అమెరికా అధ్యక్షుడు కెనడీ దాన్ని ‘క్వారంటైన్’ అన్నారు. దేశం దాటితే శరణార్థి. దేశంలోనే ఊరు వదిలితే నిర్వాసితుడు.

మారణహోమం, ఊచకోత, నరమేధం వర్ణించే మాటలు. జాతి నిర్మూలన చట్టపు మాట. 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం ఒక జాతి, తెగ, వర్ణ లేదా మత సమూహాన్ని పూర్తిగానో కొంతగానో నాశనం చేయాలన్న ఉద్దేశం అందులో రుజువు కావాలి. ఈ మాట వాడితే ఎవరు అన్నారు, ఏ న్యాయస్థానంలో, ఏ దశలో అన్నవి చెప్పండి. అరెస్టు వారెంటు శిక్ష కాదు. 2023 మార్చిలో పుతిన్‌పై, 2024 నవంబరులో నెతన్యాహుపై అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వారెంట్లు ఇచ్చింది, తీర్పు ఇవ్వలేదు. భారత్ ఆ కోర్టులో సభ్యదేశం కాదు.

ఓటింగ్‌కు దూరంగా ఉండటం వ్యతిరేకించడమూ కాదు, మద్దతూ కాదు. 2022 మార్చి 2న రష్యా వైదొలగాలన్న తీర్మానానికి ఐరాస సర్వసభ్య సభలో 141 దేశాలు అనుకూలంగా, 5 వ్యతిరేకంగా ఓటేశాయి. 35 దూరంగా ఉన్నాయి, వాటిలో భారత్ ఒకటి. ‘ఐరాస ఆదేశించింది’ అని దీన్ని రాస్తే తప్పు, సర్వసభ్య సభ తీర్మానానికి కట్టుబడాలన్న నిర్బంధం లేదు. ‘విచారం’ క్షమాపణ కాదు. ‘ఆందోళన’ ఖండన కాదు.

ఎనిమిది: పేర్లు మార్చి చదవండి

రాసినది పూర్తయ్యాక రెండు దేశాల పేర్లూ తారుమారు చేసి పైకి చదవండి. ఏ వాక్యం దగ్గర నోరు తడబడిందో అక్కడ మీ కొలత మారిందన్నమాట, దాన్ని తిరగరాయండి. తర్వాత, రాసిన మాట నమ్మి ఎవరైనా ఏదైనా చేస్తే వాళ్లకేమవుతుందో చూసుకోండి. ఇది పైపై పరీక్ష కాదు. రష్యా సైన్యంలో ‘హెల్పర్’ ఉద్యోగమని చెప్పి మన దేశం నుంచి యువకుల్ని తీసుకెళ్లి యుద్ధంలోకి దించారు. వాళ్లలో హైదరాబాద్ యువకుడు ఒకరు చనిపోయినట్టు 2024 మార్చిలో మాస్కోలోని భారత రాయబార కార్యాలయం తెలిపింది. అదే నెలలో సీబీఐ మనుషుల అక్రమ రవాణా కేసు పెట్టింది. ‘హెల్పర్’ అన్న మాటలో తుపాకీ లేదు, కందకం లేదు.

అందుకని నిజామాబాద్‌లోనో, కరీంనగర్‌లోనో, మలక్‌పేటలోనో ఎవరైనా అలాంటి ప్రకటన చూపించి చదివిపెట్టమంటే పైన చెప్పిన పద్ధతిలోనే అయిదు ప్రశ్నలు వేయండి. జీతం ఇచ్చేది ఎవరు, కంపెనీయా రక్షణ శాఖా? పని ఎక్కడ, ఏ ఊళ్లో? ఒప్పందం ఏ భాషలో ఉంది, దాని తెలుగు లేదా ఇంగ్లిష్ ప్రతి చేతికిచ్చారా? మధ్యలో మానేసి రావచ్చా? ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందా? విదేశీ ఉద్యోగాల వ్యవహారం చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లోనూ విచారించవచ్చు. యజమాని గడిలో ‘రక్షణ మంత్రిత్వ శాఖ’ అని ఉంటే ‘హెల్పర్’ అన్న మాట కొట్టేసి, పైన ‘సైనికుడు’ అని రాసి, ఆ కాగితాన్ని ఇంట్లో అందరికీ మళ్లీ చదివి వినిపించండి.